పరకాయప్రవేశానికి పది మార్కులు

ఇంగ్లీషు మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు పాయింటు మాస్టారు. కథకుని ‘పాయింట్ ఆఫ్ వ్యూ’ అయినా, వాదనలోని దోషమైనా ఆయన చెప్పినదే శాసనం.

ముందురోజు బడి బస్సు గేటు స్తంభాన్ని గుద్దింది. ఆ సంగతిని డ్రైవరు నోట చెప్పడమే ఆనాటి అభ్యాసం. మాస్టారు మొదట లేపినది డ్రైవరు కూతురినే. మధ్యాహ్నం ఆమె తండ్రి ఉద్యోగంపై విచారణ. విచారించేవారిలో ఈయనా ఒకరు. ఈయన మనసు కరిగితే తండ్రి కొలువు నిలుస్తుందని ఆ పిల్ల ఆశ.

“నేను బ్రేకు తొక్కాను. పడలేదు,” అని మొదలుపెట్టింది.

“ఇది రిపోర్టమ్మా, కథ కాదు. బయట నిలబడి తొంగిచూస్తున్నావు. పరకాయప్రవేశం చెయ్యి. లోపల ఏముంది?”

“లోపల డీజిల్ సార్!” అన్నాడు వెనుక బెంచీవాడొకడు. తరగతి గొల్లుమంది.

ఆమె కళ్ళు మూసుకుని, తానెరుగని దానిని అల్లింది. “రాత్రంతా నా భార్య దగ్గుతూనే ఉంది. వీపు రాస్తూ కూర్చున్నాను. పొద్దున స్టీరింగు ముందు ఒక్క రెప్పపాటు కన్నంటుకుంది...”

నవ్వులు అణగిపోయాయి.

“శభాష్! పదికి పది,” అన్నారు మాస్టారు.

మధ్యాహ్నం ప్రిన్సిపాలు గదిలో డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సును అప్పటికే షెడ్డుకు పంపి బాగుచేయించేశారు; బ్రేకు పడిందో లేదో చూసే వీలు ఇక లేదు.

“బ్రేకు పడలేదు సార్. నా బిడ్డ మీద ఒట్టు.”

“ఆ బిడ్డే చెప్పిందయ్యా, నువ్వు నిద్రపోయావని,” అన్నారు మాస్టారు.

పిల్లను పిలిపించారు.

“అది కథ సార్! మీరే లోపలికి వెళ్ళమన్నారు. నేను కల్పించాను.”

“కూతురివి. నాన్న కోసం ఇలాగే అంటావు.”

“చెప్పేదెవరో చూసి మాటను కొట్టిపారేస్తే అది తర్కదోషమని పోయిన వారం మీరే చెప్పారు కదా సార్!”

మాస్టారి ముఖం వికసించింది. “విన్నారా? ఎంత చక్కగా పట్టుకుందో! నా స్టూడెంటండీ,” అని ప్రిన్సిపాలు వైపు తిరిగారు. “ఇంకో మార్కు వేస్తాలే తల్లీ.”

పిమ్మట తొలగింపు కాగితంపై సంతకం చేసి, కలం మూత బిగించారు.

డ్రైవరు బస్సు తాళాలు బల్లపై పెట్టాడు. వరండా సగం దాటాక ఆగి, నిజంగానే తెలియనివానివలె కూతురిని అడిగాడు:

“నేను నిద్రపోయానా అమ్మా?”