మూత తీయని బాటిల్

హుజూర్‌నగర్ నుంచి నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ దాకా షేర్ ఆటో నడిపే యోహానుకు తన ఇల్లాలి గురించి పదిమందిలో చెప్పుకోవడమంటే మహా సరదా. నాట్ల కాలం వస్తే పొద్దున్నే ఆడకూలీల ముఠాను పొలాల దగ్గర దించి రావడం కూడా అతని పనే. ఆ ముఠాకు పెద్ద అతని భార్య ఏసమ్మ. పది పన్నెండు మంది ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టుగా ఆటో నిండగానే యోహాను మొదలుపెట్టేవాడు.

"మా ఏసమ్మను సూసి నేర్చుకోండ్రి. పొద్దుగాల ఆటో ఎక్కిందంటే మాపటిదాంక ఒక్క చుక్క నీళ్లడగదు. ఒంటె పుట్టుక పుట్టింది!"

ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఏసమ్మ కూడా నవ్వేది. ఆ ఆటోలో ఏ ఆడమనిషీ నీళ్లడగదన్న సంగతి యోహాను ఎన్నడూ గమనించలేదు. మగ ప్రయాణికులు "అన్నా, జర ఆపు" అంటే ఏ తుమ్మచెట్టు దగ్గరో ఆపి, వాళ్లు పని ముగించుకొచ్చేదాకా ఓ బీడీ కాల్చుకునేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్క ఆడమనిషి కూడా ఆపమనలేదు. వాళ్లకా అవసరం ఉండదనుకున్నాడా అంటే అదీ లేదు. అసలా ఆలోచనే రాలేదు. మనలో చాలామందికి మాత్రం ఎప్పుడొచ్చింది గనక!

మోకాళ్ల లోతు నీళ్లలో పొద్దంతా వంగి నాటేసే ఆ ఆడవాళ్లు గుక్కెడు నీళ్లు తాగడానికి జంకుతారు. కనుచూపు మేర చాటుండదు. గట్టు మీద రైతు నిలబడి ఉంటాడు. ముఠాలో అందరికన్నా పెద్దావిడ గోపమ్మ. కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకు నారు పట్టుకోవడం నేర్పే ముందే ఆమె ఒక మాట చెబుతుంది. "నాటుకొచ్చే ఆడిది పొద్దుగాల చాయ తాగాలె. మల్ల ఇంటికి పోయినంకనే నీళ్లు." ఏసమ్మ పదిహేనో ఏట ఆ పాఠం నేర్చుకుంది. నలభై రెండేళ్లు వచ్చేదాకా దాన్ని మీరలేదు. ఏడాదికి రెండు మూడు సార్లు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చేవి. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగేది. మరీ ముదిరితే దవాఖానకు పోయేది. ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు. చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు.

ఇలాంటి ఏసమ్మ పరుగు పందెంలోకి రావడానికి కారణం కూతురు ప్రవళిక. డిగ్రీ పూర్తిచేసి కానిస్టేబుల్ పరీక్షలకు తయారవుతున్న ఆ అమ్మాయి రోజూ వేకువన కాల్వకట్ట మీద పరుగెత్తేది. ఆడపిల్లను ఒంటరిగా పంపడమెందుకని తల్లి వెంట వెళ్లేది. మొదట్లో తూము మీద కూర్చుని కాపలా కాసింది. దోమలు కూర్చోనివ్వక లేచి నడిచింది. నడుస్తుంటే కూతురు కనుమరుగవుతోందని ఒకరోజు కొంగు బిగించి తనూ ఉరికింది. మూడు నెలలు తిరిగేసరికి, కూతురి పాత పంజాబీ డ్రెస్ తొడుక్కుని ఎనిమిది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తసాగింది.

"పుట్టిన కాడికెల్లి పనికే ఉరికిన బిడ్డా. గిట్ల ఉత్తగ ఉరుకుడు ఎంత మంచిగుందో!" అంది ఒకరోజు రొప్పుతూ.

ఊళ్లో కొందరు మూతులు విరిచారు. ముసలితనానికి ముందు వచ్చిన మురిపెం అన్నారు. ఏసమ్మ మర్నాడూ వేకువనే ఉరికింది.

ఆ చలికాలంలోనే, మిర్యాలగూడకు చెందిన శ్రీధర్ అనే యువకుడు మిత్రులతో కలిసి ఒక పందెం ఏర్పాటు చేశాడు. తారు రోడ్డు మీద కాదు. కాల్వకట్టలు, పొలం గట్లు, పాలకీడు వైపు గుట్టల మీది కాలిబాటల వెంట ఇరవై ఐదు కిలోమీటర్లు. కుటుంబాలకు వేరే పోటీ ఉంది. ఇంట్లో ముగ్గురు కలిసి బయలుదేరాలి, ముగ్గురూ కలిసి పొద్దున పదకొండు గంటల లోపు ముగింపు గీత దాటాలి. దాటితేనే పతకాలు.

మూడో మనిషిగా యోహానును లాగారు. "నా బొజ్జ గుట్ట ఎక్కుతదా?" అని అతను కొన్నాళ్లు నసిగాడు. దిగాక మాత్రం పెళ్లిపెద్ద తీరున ఏర్పాట్లన్నీ తన నెత్తినేసుకున్నాడు. బూట్లు తెచ్చాడు. ఖర్జూరాలు, ఉప్పు పొట్లాలు కట్టాడు. ఒకే రకం బాటిళ్లు మూడు కొని, నడుముకు కట్టుకునే పట్టీలు కుట్టించాడు. ఏసమ్మ కోరింది ఒక్కటే. మెడల్. ప్రార్థన చేసుకునే సిలువ పక్కన గోడకు తన చేత్తో ఒక మేకు కొట్టుకుంది. తన జన్మలో తన పేరున ఇంట్లోకి వచ్చే మొదటి గౌరవం అక్కడ వేలాడాలని ఆమె ఆశ.

జనవరి చివరి శనివారం ఉదయం ఆరున్నరకు పరుగు మొదలైంది. మంచు ఇంకా విడలేదు. కాల్వ నిండుగా పారుతోంది. మూడు వందల మందిలో ఆడవాళ్లు నలభై మందికి మించరు. యోహాను నెమ్మదిగా, ఏసమ్మ నిబ్బరంగా, ప్రవళిక ముందుకు ఉరకబోయి మళ్లీ వెనక్కి వస్తూ సాగారు. ఐదు కిలోమీటర్లకొక చోట బల్లలు వేసి నీళ్లు, అరటిపండ్లు పెట్టారు. అందిస్తున్నదంతా కుర్రాళ్లే. మగవాళ్లు గటగటా తాగి నాలుగడుగులు పక్కకు పోయి వస్తున్నారు. ఏసమ్మ గ్లాసు అందుకుని పుక్కిలించి ఉమ్మేసింది. బయటికి పోతున్నానని ముందురోజు సాయంత్రం నుంచే ఆమె నీళ్లు మానేసింది. ఇన్నాళ్లూ వేకువన ఎనిమిది కిలోమీటర్లు ఉరికి ఇంటికొచ్చి తాగేది గనక, అది సాగింది.

పదిహేనో కిలోమీటరులో గుట్ట ఎక్కేసరికి ఎండ చురుక్కుమంది. దిగేటప్పుడు ఏసమ్మ పెదాలు తెల్లగా పాలిపోయాయి. "ఏమైందే?" అని యోహాను అంటే "ఏం గాలే, పా" అంది. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కట్ట కింది పొలంలో ఆమె ముఠాయే నాట్లు వేస్తోంది. వాళ్లు నడుములెత్తి, బురద చేతులతో చప్పట్లు కొట్టారు.

"ఉరుకు ఏసమ్మా, ఉరుకు!"

ఆమె చెయ్యి ఊపింది. ఊపిన చెయ్యి దిగకముందే పిక్క పట్టేసింది. కళ్లు బైర్లు కమ్మి, కట్ట మీద కూలబడింది.

యోహాను ఆమె పక్కన మోకరిల్లాడు. ఆమె నడుము పట్టీలోంచి బాటిల్ లాగి మూత తిప్పాడు. నీళ్లు పొంగి అతని చేతి మీద ఒలికాయి. ఇంట్లో తను నింపింది నింపినట్టే ఉంది.

"ఏసమ్మా, నువ్వు ఒక్క గుక్క గూడ తాగలే!"

ఇంతలో పందెం వాళ్లు పెట్టుకున్న నర్సు యశోద బండి మీద వచ్చింది. నాడి చూసింది, పెదాలు చూసింది. "అమ్మా, ఎన్నింటికి నీళ్లు తాగినవ్?" అని అడిగింది.

ఏసమ్మ మొగుడి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "నిన్న మాపు."

"ఎందుకమ్మా?"

యశోద కూడా ఆడదే. మళ్లీ అడగలేదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కొంచెం కొంచెం తాగించింది. ప్రవళిక వైపు తిరిగి, "నీ బాటిల్ ఇయ్యమ్మా, ఇంకింత కలుపుదాం" అంది.

ప్రవళిక కదల్లేదు. యశోదే ఆమె పట్టీలోంచి బాటిల్ తీసింది. అదీ నిండుగానే ఉంది.

అంతదాకా నీరసంగా పడుకున్న ఏసమ్మ మోచేతుల మీద లేచింది. "నువ్వెందుకు తాగలేదే?"

"నువ్వే చెప్పినవ్ గదమ్మా," అంది ప్రవళిక మెల్లగా. "బయటికి పోయేటప్పుడు ఆడపిల్ల నీళ్లు తాగొద్దని. కాలేజీకి పోయిన మూడేండ్లు గూడ నేను తాగలే."

తన మంటకు ఏడవని ఏసమ్మ అప్పుడు ఏడ్చింది. ఆస్తులు ఇవ్వలేకపోయినా ఆరోగ్యం ఇచ్చాననుకున్న తల్లి ఆమె. తనకు తెలియకుండానే బిడ్డకు తన జబ్బుకు మూలమైన అలవాటునే వారసత్వంగా ఇచ్చానని ఆ కట్ట మీద ఆమెకు తెలిసొచ్చింది. బూట్లూ ఖర్జూరాలూ లెక్కగా సర్దిన యోహాను, ఇంట్లో ఇద్దరి దాహం గురించి ఒక్కనాడూ అడగలేదు.

ముఠా ఆడవాళ్లు పొలంలోంచి కట్టెక్కి వచ్చారు. గోపమ్మ బురద చేతులు పైట చెంగుకు తుడుచుకుని ఏసమ్మ తల నిమిరింది. సంగతంతా వింది.

"నా నోటి మాటే ఇది. నీకు చెప్పింది నేనే, నాకు మా అత్త చెప్పింది," అంది. తర్వాత గొంతు పెంచి, "మొగోళ్లంతా గా తూము కాడికి పోండ్రి. ఇటు సూడొద్దు" అని గద్దించింది.

సద్ది మూటలకు తెచ్చుకున్న రెండు పాత చీరలు విప్పి, నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు. ఆ చీరల చాటున తల్లీకూతుళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లొచ్చారు. ఆ వెనకే నర్సు యశోద కూడా వెళ్లింది. తెల్లవారుజాము నుంచి ఆమె కూడా బిగబట్టుకునే ఉంది మరి.

యశోద వాళ్లను అరగంటకు పైగా కదలనివ్వలేదు. తల తిరగడం తగ్గాక, "ఇగ ఉరకొద్దు. బండెక్కు, దించొస్త" అంది.

"నడుస్తనమ్మా. గీత దాటకుండ ఇంటికి పోను."

"పదకొండు దాటుతదే. మెడల్ రాదు," అన్నాడు యోహాను.

"రాకపోనీ నాయినా, ముగ్గురం పోదాం," అంది ప్రవళిక.

నడిచారు. యశోద బండి వెంట వచ్చింది. ప్రతి బల్ల దగ్గరా ఆగి ముగ్గురూ నీళ్లు తాగారు. గీత చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. స్వాగత తోరణం విప్పి ట్రాలీలో వేస్తున్నారు. శ్రీధర్ పరుగున ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు. యశోద ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి అతను పరేషాన్‌గా ఉన్నాడు. సంచిలోంచి మూడు పతకాలు తీశాడు.

"టైము సంగతి ఇడిచిపెట్టుండ్రి ఆంటీ. ఇవి మీయే."

ఏసమ్మ పతకాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. గోడకు కొట్టిన మేకు గుర్తొచ్చింది. ఒకసారి వేలితో తడిమి, తిరిగి ఇచ్చేసింది.

"వచ్చే ఏడు గెలుసుకొని తీసుకుంట బిడ్డా. కానీ ఒక్క మాట రాసుకో. నీళ్లు మంచిగ పెట్టినవ్. తాగినంక ఆడోళ్లు యాడికి పోవాలె? అది పెట్టలేదు."

శ్రీధర్ ముఖం చిన్నబోయింది. "నలభై మంది వచ్చిన్రు ఆంటీ. ఎవ్వరూ అడగలే."

"అడగం బిడ్డా. అడగొద్దనే గద మాకు నేర్పింది."

ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు. అడగలేదు కనుక అవసరం లేదనుకున్నాడు. ఆడపిల్లలకు చదువులు చెప్పించి, పరుగులకు పంపి, ఇంత చిన్న సంగతి దగ్గర ముఖం తిప్పుకునే మనమంతా కూడా చెడ్డవాళ్లం కాము. కానీ ఆ చీరల బదులు ఒక చాటు మనం ముందే కట్టించి ఉంటే, ఒక తల్లి నడిదారిలో కూలేది కాదు. శ్రీధర్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వచ్చే ఏడాది పనుల్లో మొదటిది రాసుకున్నాడు.

సోమవారం ముఠా మళ్లీ ఆటో ఎక్కింది. ఈసారి ఆటో మీద నాలుగు వెదురు బొంగులు, ఆకుపచ్చ పరదా గుడ్డ ఉన్నాయి. చాటు కట్టనిస్తేనే నాటుకొస్తామని ఏసమ్మ ముందురోజే రైతుకు ఫోన్ చేసి చెప్పింది. అతను ఇంతేనా అన్నాడు. ఇన్నేళ్లు ఇంత మాట చెప్పలేక నలిగిపోయామా అని ఆమెకు తన మీద తనకే జాలేసింది.

నేరేడుచర్ల దాటాక పెట్రోల్ బంకు దగ్గర యోహాను ఆటో ఆపాడు. మరుగుదొడ్డి తాళంచెవి అడిగి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "దిగుండ్రి. తొందర లేదు."

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు ఏసమ్మ దిగింది. ఆమె నడుముకు బాటిల్ ఉంది. ఆటో ఎక్కే ముందే సగం తాగేసింది. ఆమె వెనక అరవై ఏళ్ల గోపమ్మ మెల్లగా దిగింది. తర్వాత అందరూ దిగారు.

తిరిగొచ్చి కూర్చున్నాక గోపమ్మ నవ్వుతూ, "ఏం యోహానూ, ఇయ్యాల ఒంటె ముచ్చట చెప్పవా?" అంది.

యోహాను నవ్వలేదు. తాళం తిప్పి బండి స్టార్ట్ చేయబోయినవాడు ఆగి, వెనక్కి తిరిగాడు.

"తప్పు మాట్లాడిన పెద్దమ్మా. ఆడమనిషి దాహం సంపుకొని బతుకుతుంటే, గది ఆమె ఓర్పని పొగిడిన. అది ఓర్పు గాదు, మా అందరి తప్పు."