కవరుకు ఏ దిక్కు తడి

మాఘమాసం వచ్చింది. వాన చుక్క పడక నెలలు గడిచాయి. అయినా జమ్మికుంటలో పత్తి వ్యాపారి జనార్దన్‌రావు ఇంటి సెల్లార్‌లో గోడలు చెమ్మగిల్లి, సున్నం పొరలుగా రాలుతోంది. అక్కడ దాచిన పత్తికి ముక్కిన వాసన పట్టింది.

గోడకు ఆవల పక్కింటి సామ్యూల్ సార్ కట్టుకున్న స్నానాల గది ఉంది. జనార్దన్‌రావుకు అంతకుమించిన సాక్ష్యం అక్కరలేకపోయింది.

“ఆ గది కూలగొట్టు. లేకుంటే జేసీబీ నేనే తెస్త. మీ బాప్తిస్మం నీళ్లన్నీ నా ఇంట్లనే ఇంకుతున్నయి.”

“మేం నెత్తి మీద చల్లుకునుడే, రావుసాబ్. ముంచుడు మీకే అలవాటు,” అన్నాడు సామ్యూల్. బడిలో పిల్లల్ని కూడా కసరని మనిషి.

అతని తల్లి సాయవ్వకు మోకాళ్లు వంగవు. పెరట్లోని పాత గది మెట్లు ఎక్కలేకపోతోందని ఆమె కోసమే ఇది కట్టించాడు. గొడవ మొదలైనప్పటి నుంచి ఆమె చెంబు చప్పుడు కాకుండా తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటోంది. అది చూసినప్పుడల్లా సామ్యూల్‌కు ఒళ్లు మండుతోంది.

లీకేజీలు బాగుచేసే హరీష్‌ను జనార్దన్‌రావు కరీంనగర్ నుంచి పిలిపించాడు. తప్పెవరిదో అతని నోటితోనే చెప్పించాలని సామ్యూల్‌నూ సెల్లార్‌లోకి రమ్మన్నాడు. హరీష్ గోడలో ఒకచోట వేడిగాలి పట్టి ఆరబెట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు పరిచి, అంచులన్నీ టేపుతో మూసేశాడు.

“గోడలకెల్లి నీళ్లొస్తే కవరు గోడ దిక్కు తడుస్తది. రూముల తేమ ఉంటే మన దిక్కు తడుస్తది. రేపు చూద్దాం.”

మర్నాడు ముగ్గురూ మళ్లీ దిగారు. కవరు మీద ఇటువైపు నీటి బొట్లు జారుతున్నాయి. హరీష్ టేపు విప్పి చూశాడు. గోడ వైపు పొడిగా ఉంది.

“ఆవలి ఇంటి తప్పేం లేదు సార్. నీళ్లు గీ రూములనే ఉన్నయి. ఇక్కడ బట్టలేమన్న ఆరేస్తున్నరా?”

“ఆళ్ల తానాల ఆవిరి అయ్యుంటది,” అన్నాడు జనార్దన్‌రావు.

“నా ఆవిరి నీ గోడ దూకి వచ్చిందా?” అంటూ సామ్యూల్ పత్తి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. పైన పొడి. లోపల వెచ్చగా, తడిగా ఉంది.

“మాఘమాసంల నీ పత్తి మీద ఏ మొగులు కురిసింది, రావుసాబ్?”

మిల్లుకు పంపే ముందు కుప్ప నడుమ పైపు దూర్చి, తూకం పెరగాలని నీళ్లు పట్టించడం జనార్దన్‌రావు ఏటేటి అలవాటు. తెల్లారితే లారీ ఎక్కేది, ఆ తర్వాత నీళ్ల బాధ మిల్లుది. ఈసారి నీళ్లు పట్టాక ధర పడిందని లారీ ఆపాడు. కన్నంతా ధర మీదే ఉంది. పట్టిన నీళ్లు ఎటు పోతాయన్నది తోచనే లేదు.

మెట్ల మీద నిలబడ్డ భార్య సరళాదేవి అంది: “ఇగ మీదికి తెచ్చి ఆరబొయ్యిన్రి. కిందనే ఉంటే కుళ్లిపోతది.”

“రేపు జేసీబీ తే,” అన్నాడు సామ్యూల్, తడిచేతిని జనార్దన్‌రావు తెల్లచొక్కా ముందు దులిపి. “డ్రైవర్‌కు చాయ్ నేనే పోస్త. మిల్లోళ్లను గూడ పిలుస్త.”

జేసీబీ రాలేదు. పత్తి మాత్రం డాబా ఎక్కింది. మార్కెట్ యార్డుకు పోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు.

“ఏంది రావుసాబ్, పత్తికి తానం పోసిన్రా?”

జనార్దన్‌రావు వంగి పత్తి తిరగేయసాగాడు. కింద సాయవ్వ స్నానాల గదిలో పీట వేయించుకుంది. బకెట్ నిండా నీళ్లు పెట్టించుకుని, చెంబెడు ఒంటి మీద, చెంబెడు గోడ మీద కొడుతోంది.

“ముసల్దానా, జర చప్పుడు తక్కువ చెయ్,” అన్నాడతను డాబా మీది నుంచి.

“గోడకు ఏం కాదన్నరు గద, దొరా,” అంటూ సాయవ్వ ఇంకో చెంబు ముంచింది.