అత్తయ్య ఇచ్చిన టోపీ

చెల్లెలు లెట్టీ తెల్ల చేతితొడుగుల మీద పడ్డ టీ మరకను థిర్జా ఎండు రొట్టె పొడితో రుద్దుతూ ఉండగా, అత్తయ్య వచ్చి ఆమె ఒళ్లో ఒక లేసు టోపీ పడేసింది.

"శనివారం డాన్సుకి ఇది పెట్టుకునెళ్లవే. ఇరవై తొమ్మిదొచ్చాయి, ఇంకా జుట్టు రింగులు తిప్పుకుని కూర్చుంటే జనం నవ్విపోతారు. ఎలాగూ లెట్టీ పక్కన పెద్దావిడంటూ ఒకరుండాలి. ఆ హాల్లో చలికి నా మోకాళ్లు పట్టేస్తున్నాయి తల్లీ."

టోపీ అంటే ఏమిటో లడ్లో అనే ఆ ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. పెళ్లికాని ఆడది టోపీ పెట్టిందంటే, ఇక నన్నెవరూ అడగనక్కర్లేదని తనే చాటుకున్నట్టు. ఆ పూట నుంచి ఆమె డాన్సు చెయ్యదు. గోడవార కుర్చీలో కూర్చుని పడుచుపిల్లలకు కాపలా కాస్తుంది. థిర్జాకి ఏడుపు రాలేదు. రానందుకే కాస్త ఆశ్చర్యపోయింది. నాన్న చర్చి పాదిరీ. ఆయన పోగానే చర్చి ఇచ్చిన ఇల్లు తరవాతి పాదిరీకి వెళ్లిపోయింది, అక్కచెల్లెళ్లిద్దరూ పెట్టెలు పట్టుకుని మావయ్య గుమ్మం ఎక్కారు. "మీరు మాకు బరువేం కాదమ్మా" అన్నాడాయన, ఎవరూ అడక్కుండానే. ఆనాటి నుంచి ఆయన పిల్లలకు చదువు చెప్పడం, దుప్పట్లకు అంచులు కుట్టడం, రేగుపళ్ల జాము కాయడం, అత్తయ్య తలనొప్పికి తడిగుడ్డ వెయ్యడం అన్నీ థిర్జావే. చుట్టాలొస్తే అత్తయ్య మురిసిపోతూ, "మా థిర్జాకి పనంటే ప్రాణం" అంటుంది. ఎద్దుకి కాడంటే ప్రాణమని రైతు కూడా చెప్పుకుంటాడు కాబోలు.

తన సంగతి సరే. ఇప్పుడు లెట్టీ వంతు వచ్చింది. సారా బట్టీల యజమాని క్రౌథర్ గారికి భార్య పోయింది, అయిదుగురు పిల్లలు. పోయిన ఆదివారం భోజనానికొచ్చి, బాతు ఎముక చీకుతూ, "మా ఆవిడున్నన్నాళ్లూ ఫలానా పని చెయ్యమని చెప్పే అవసరమే రాలేదండీ. పోయాకే తెలిసింది, ఇంట్లో ఇన్ని పనులుంటాయని" అన్నాడు. అది దుఃఖమనుకుని అందరూ తలలూపారు. ఆ మాట దుఃఖం కాదని థిర్జా ఒక్కతెకే తోచింది. ఆ తరవాత ఆయన పద్దెనిమిదేళ్ల లెట్టీ చేతుల కేసి చూశాడు, సంతలో గుర్రప్పిల్ల కాళ్లు చూసినట్టు.

ఆయన వెళ్లగానే మావయ్య తేల్చేశాడు. "శనివారం మొదటి డాన్సు ఆయనతోనే. రెండోది కూడా ఆడిందంటే పెళ్లి ఖాయమని ఊరే అనేసుకుంటుంది, మనం నోరు విప్పక్కర్లేదు."

కాదనడానికి లెట్టీకి దారి లేదు. ఒకరిని కాదన్న పిల్ల ఆ రాత్రంతా ఇంకెవరితోనూ ఆడకూడదు. మావయ్య మాట పోగొట్టిన పిల్లగా మర్నాడు ఇంట్లో తిట్లు కూడా తినాలి. "ఆయన పెద్దకూతురు నాకంటే రెండేళ్లే చిన్నదక్కా" అని మాత్రం అంది, దిండులో మొహం దాచుకుని.

శనివారం థిర్జా టోపీ పెట్టుకుంది. హాల్లో క్రౌథర్ గారు నేరుగా వాళ్ల దగ్గరికొచ్చాడు. లెట్టీ తొడుగుల చేతులు ఒళ్లో బిగుసుకున్నాయి. కానీ ఆయన వంగింది లెట్టీ ముందు కాదు, టోపీ ముందు.

"అమ్మా, మీ చెల్లెలిని డాన్సుకి తీసుకెళ్లొచ్చా?"

నలభై ఆరేళ్లవాడు అమ్మా అంటున్నందుకు థిర్జాకి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. టీ వేడిగా ఉందా అని తప్ప, ఈ ఊళ్లో తననెవరైనా ఒకటి అడగడం ఇదే మొదలు. మోకాళ్ల నొప్పి గొడవలో పడి అత్తయ్య ఒక్కటి మరిచిపోయింది. పిల్లని డాన్సుకి పిలిచేవాడెవడైనా, పక్కన టోపీ పెట్టుకుని కూర్చున్నావిడ అనుమతి అడిగి తీరాలి.

"లేదండీ. మా చెల్లెలు ఈ పూట డాన్సు చెయ్యదు."

"మీ మావయ్యగారు మాటిచ్చారే?"

"ఆయన ఇంట్లో ఉన్నారండీ. ఇక్కడ పెద్దదాన్ని నేను."

పక్క కుర్చీల్లో విసనకర్రలు ఆగాయి. క్రౌథర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. టోపీతో వాదించడం మర్యాద కాదు కాబట్టి ఇంకోసారి వంగి వెళ్లిపోయాడు.

ఫిడేళ్లు మొదలయ్యాయి. లెట్టీ కూడా కూర్చునే ఉండాలి. కుర్ర సైనికాధికారి ఒకడొచ్చి అడిగితే తల అడ్డంగా ఊపింది. గౌను కింద ఆమె పాదం మాత్రం తాళం వేస్తూనే ఉంది. రేపు మావయ్య ఇంట్లోంచి పొమ్మన్నా పొమ్మనవచ్చని థిర్జాకి తెలుసు. అప్పుడు ఎవరింట్లోనో పిల్లలకు చదువు చెప్పుకోవాలి. ఇప్పుడు చేస్తున్నదే కదా అనుకుంది. అక్కడైతే కనీసం దాన్ని పని అంటారు.

లెట్టీ తొడుగు వేలికొసలో మిగిలిన రొట్టె పొడిని దులుపుకుంటూ, గొంతు తగ్గించి అడిగింది. "రేపు అత్తయ్యకేం చెప్తావక్కా?"

థిర్జా టోపీ సరిచేసుకుంది.

"ఆవిడ చెప్పినట్టే టోపీ పెట్టుకున్నానని చెప్తాను."