చెమట పట్టని చక్రం

నేను ఒక స్టీరింగు చక్రాన్ని. విష్ణుమూర్తి వేలి మీద తిరిగేదాన్ని కాదు, రోడ్డు మీద దొర్లేదాన్నీ కాదు. డ్రైవరు పొట్టకీ ముందు అద్దానికీ మధ్య ఇరుక్కుని, ఎవరు పడితే వాళ్ళ చేత తిప్పించుకునేదాన్ని. మీలో ఎవరికైనా కాస్త పలుకుబడి వస్తే చాలు, "ఆయన చక్రం తిప్పుతున్నాడయ్యా" అంటారు. తిప్పేవాడి గొప్పే గానీ, ఆ చక్రం పడే తిప్పల గురించి ఇంతవరకూ ఒక్కరూ నోరు తిప్పలేదు. అందుకే నా గోడు నేనే వెళ్ళబోసుకుంటున్నాను.

పుట్టింది ఉత్తరాదిన ఒక కార్ల ఫ్యాక్టరీలో. లోపల ఇనప కమ్మి, పైన నల్లటి గట్టి ప్లాస్టిక్కు, హారనుకి అర్ధచంద్రాకారంలో మెరిసే రింగు. నన్ను బిగించిన కారు కూడా శుభలేఖ ఇవ్వడానికొచ్చిన పెద్దమనిషిలా గుండ్రంగా, బరువుగా, కాస్త అతిశయంగా ఉండేది. ఆ రోజుల్లో స్టీరింగుకి మోటారు సాయం లేదు. డ్రైవరు కండే మోటారు. నన్ను ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పాలంటే నాలుగు చుట్లు. బండి కదులుతుంటే ఎలాగో తిరిగేదాన్ని గానీ, నిలబెట్టి తిప్పాలంటే తిప్పేవాడి తాత దిగి రావాలి.

చేతులు మారడమంటే మీకు ఆస్తుల సంగతి. నాకది ఒంటికి తెలిసిన సంగతి. మొదటి చేతులు తెనాలిలో ఒక పొగాకు వ్యాపారివి. కారెక్కడానికి కాదు, ఎక్కినట్టు నలుగురికీ కనపడ్డానికి కొన్నాడు. ఆయన పట్టుకుని వదిలిన రెండు రోజుల వరకూ నాకు తుమ్ములు తగ్గేవి కావు. ఆ తర్వాత కారుని డాక్టర్ రత్నమాంబ గారు కొన్నారు. ఆమె వెనక సీటులో మందుల పెట్టెతో కూర్చునేవారు. ముందు సీటులో నన్ను పట్టుకున్నవాడు ఏసోబు. ముప్పై రెండేళ్ళు పట్టుకున్నాడు. కాన్పు కబురు వచ్చిందంటే చాలు, పొలాల మధ్య గుంతల్లోంచి, కాలవ గట్ల మీంచి బండిని తీసుకుపోయేవాడు. చెయ్యి తిరిగిన డ్రైవరంటారే, ఆ చెయ్యి తిరిగింది నా వల్లే. అతని అరచేతుల్లో కాయలు కాశాయి, నా ఒంటి మీద రెండుచోట్ల నలుపు అరిగి నున్నబడింది. గడియారంలో పది ఉండేచోట ఒకటి, రెండు ఉండేచోట ఒకటి.

నాలో నాలుగు వేళ్ళ 'ప్లే' ఉండేది. అంటే, నాలుగు వేళ్ళ మేర తిప్పేదాకా కింద టైర్లకి కబురు అందదు. సర్కారీ ఆఫీసులో అర్జీ కదిలినట్టే. ఏసోబు ఆ ఆలస్యాన్ని ఊహించుకుని, మలుపు రాకముందే తిప్పడం మొదలుపెట్టేవాడు. కొందరు దాన్ని లోపమన్నారు. అతను దాన్ని నా స్వభావమన్నాడు.

డాక్టరమ్మ ప్రాక్టీసు మానేసి కారు అమ్మేశారు. కొన్నవాడు ధనుంజయరావు, పొలాలు కొని ప్లాట్లు అమ్మే వెంచర్ల పెద్దమనిషి. అతనికి ఏసీ కార్లు అప్పటికే మూడున్నాయి. అయినా క్లాసు కోసం క్లాసిక్కు కావాలన్నాడు. కారుతోపాటు స్టెపినీలాగా ఏసోబు కూడా వచ్చాడు.

మొదటిరోజే ధనుంజయరావు సొంతంగా తోలతానని బయల్దేరి, బెజవాడ బెంజి సర్కిల్లో నన్ను మొత్తం తిప్పలేక బండిని అడ్డంగా నిలబెట్టేశాడు. వెనక బస్సులు హారన్లు కొడుతుంటే తెల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయింది. దారిలో ఉన్న గుంతలన్నీ బండి కింది ఇనప కమాను కట్టల మీదుగా అతని వెన్నెముకలోకి ఎక్కాయి. మర్నాడే కారు ఆటోనగర్లో సైదా మేస్త్రి షెడ్డుకి చేరింది.

"మేస్త్రీ, కింద అంతా కొత్త సామాను పడాల. పైకి మాత్రం ఒక్క నట్టు కూడా కొత్తగా కనపడగూడదు" అన్నాడు ధనుంజయరావు.

సైదా మేస్త్రి చెయ్యి తుడుచుకుంటూ నవ్వాడు. "జనం లోపల ముసలోళ్ళయి పైన రంగేసుకుంటారు సార్. మీరేమో పైన ముసలోణ్ణి ఉంచి లోపల కుర్రోణ్ణి దూర్చమంటన్నారు."

"అదే మరి మోడరన్!"

వారం రోజులు కోత. ముందువైపు పాత సరంజామా పోయి చుట్టల స్ప్రింగులు వచ్చాయి. వెనక కమాను కట్టలు పోయాయి. నాలుగు మూలలా కొత్త షాకబ్జర్లు. నా కింద కరెంటు మోటారు, కొత్త స్టీరింగు. నాలుగు చుట్లు రెండున్నర అయ్యాయి. నాలుగు వేళ్ళ ప్లే మాయమైంది. ఆట అయిపోయింది.

"చక్రం గూడా చిన్నది వేసుకోండి సార్" అని మేస్త్రి మంచికే చెప్పాడు. "ఇంత తేలిక స్టీరింగుకి ఇంత పెద్ద చక్రమంటే, మీరు తుమ్మితే బండి పక్కింట్లో ఉంటది."

"చక్రం మారిస్తే ఫోటోలో దొరికిపోతామయ్యా!"

అలా నేనొక్కదాన్నే మిగిలాను. ఇంట్లో పెత్తనమంతా కోడళ్ళది, శుభలేఖలో పేరు మాత్రం తాతగారిది అన్నట్టుంది నా హోదా. పవర్ స్టీరింగంటే ఇదే కాబోలు: పవరు ఒకచోట, స్టీరింగు ఇంకోచోట.

ఆ వారమే బండికి కొత్త సస్పెన్షను వచ్చింది. ఏసోబుకీ వచ్చింది.

"ఏసోబూ, ఇప్పుడిది ఒంటి వేలితో తిరుగుద్ది. ఇంక నీతో పనేముంది?" అన్నాడు ధనుంజయరావు.

"అరవై దాటినయ్యి సార్ నాకు. ఇప్పుడు పొమ్మంటే నన్నెవరు పెట్టుకుంటారు?"

ధనుంజయరావు ఫోను తీసి చూశాడు. తెర మీద ఒక ప్రకటన కనపడింది. బెజవాడలో పాత కార్ల పోటీ. అందులో 'ఏ మార్పూ చెయ్యని కారు'కి ప్రత్యేకంగా ఒక కప్పు. అతని కళ్ళు హెడ్‌లైట్లలా వెలిగాయి.

"ఈ కప్పు నా వెంచరు కాయితం మీద అచ్చుపడాల ఏసోబూ. 'మాట మార్చని మనిషి, నట్టు మార్చని కారు!' ఎట్టుంది?"

"మార్చాం గదా సార్."

"కనపడదు గదా! నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటే. పాత స్టీరింగు తిప్పేవాడు ఎట్టా ఆపసోపాలు పడతాడో నాకు నేర్పు. కప్పు వస్తే నీ ఉద్యోగం ఉంటది. రాలేదా, నువ్వు ఇంటికాడుంటావు."

ఒక మనిషి బరువు మోయలేక బరువు తగ్గించుకోవడం నాకు అర్థమవుతుంది. తగ్గించుకున్న బరువుని మోస్తున్నట్టు నటించడానికి ట్యూషను పెట్టించుకోవడం మాత్రం నా గుండ్రటి బుర్రకి ఎక్కలేదు. ఆ ట్యూషను అతని వెంచరులోనే, ఇంకా అమ్ముడుపోని ప్లాట్ల మధ్య నంబరు రాళ్ళ చుట్టూ రోజూ పొద్దున్నే సాగింది.

"పళ్ళు బిగబట్టండి సార్. కుడి భుజం లెగాల. ఇంకా లెగాల. సీట్లోంచి అంగుళం పైకి రావాల" అని ఏసోబు పక్క సీటులో కూర్చుని చెప్పేవాడు.

"ఇట్టానా?"

"అట్టా కాదు, అది పళ్ళు తోమినట్టుంది. ఆముదం తాగిన మొహం పెట్టండి."

"చెమటో?"

"అది నేర్పేది కాదు సార్. పట్టాల."

చెమట పట్టలేదు. ఎలా పడుతుంది, లోపల ఏసీ కూడా పెట్టించాడు. చివరికి ధనుంజయరావు భార్య అల్మరాలోంచి పన్నీరు చల్లుకునే సీసా ఒకటి తెచ్చుకున్నాడు. మలుపుకో నొక్కు, నొక్కుకో చెమట. ఏసోబు మాత్రం సాయంత్రం ఎవరూ లేనప్పుడు నన్ను గుడ్డతో తుడుస్తూ, అరిగిన ఆ రెండు చోట్లా బొటనవేలితో రాసేవాడు. అబద్ధం నెగ్గితేనే అతని పొయ్యి వెలుగుతుంది. ముప్పై రెండేళ్ళలో అతను నన్ను తప్పు దారికి తిప్పింది ఇదే మొదలు.

ఆదివారం పొద్దున, పెద్ద మైదానం, పాతిక పాత కార్లు, షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, గోలీసోడా బండి. న్యాయనిర్ణేత శరభయ్య గారు, రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ చేత బండితో ఎనిమిది అంకె వేయించినాయన. ఇక్కడా వదల్లేదు. రెండు పీపాలు పెట్టించి, ప్రతి కారూ వాటి చుట్టూ ఎనిమిది వెయ్యాలన్నారు. ఏసోబు చేత ముప్పై రెండేళ్ళ కిందట ఇదే కారు మీద ఎనిమిది వేయించింది ఆయనే.

మా వంతు వచ్చింది. ధనుంజయరావు పన్నీరు నొక్కాడు. పళ్ళు బిగించాడు. భుజం లేపాడు. "హుమ్మ్" అని మూలిగాడు. లోపల మాత్రం నన్ను చిటికెన వేలంత బలంతోనే తిప్పాడు. మొదటి పీపా చక్కగా దాటింది. జనం చప్పట్లు కొట్టారు. "పాపం, ఎంత కష్టపడతన్నాడో చూడు!" అని ఎవరో అన్నారు.

ఆ మాటే కొంప ముంచింది. చప్పట్లు వినగానే నటన అతని ఒంటికి పట్టేసింది. రెండో పీపా దగ్గర అతను నటించలేదు. నిజంగానే సీట్లోంచి లేచి, నిజంగానే ఆముదం మొహం పెట్టి, రెండు భుజాల బలమూ నా మీద పెట్టి లాగాడు. నేనేం చెయ్యను? గిర్రున తిరిగాను. బండి తన నీడని తనే తొక్కుకుంటూ తిరిగి, పీపాని వదిలేసి, షామియానా వైపు దూసుకెళ్ళింది. కూర్చున్నవాళ్ళు చెల్లాచెదురయ్యారు. మూడు ఖాళీ కుర్చీలు టైర్ల కింద పటపటలాడాయి. గోలీసోడా బండి పక్కకి ఒరిగి, సీసాలన్నీ ఒకేసారి 'కీచ్' మన్నాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ధనుంజయరావు బ్రేకు తొక్కి, తల బయట పెట్టి అడిగాడు:

"దేనికీ తగల్లేదుగా?"

కుర్చీల మీద ఎక్కి దిగిన సంగతి కూడా అతనికి తెలియలేదు. కొత్త షాకబ్జర్లు అన్ని షాకులూ మింగేశాయి, ఆ చివరి షాకు ఒక్కటే అతనికి మిగిల్చాయి.

శరభయ్య గారు మెల్లగా నడిచి వచ్చారు. కారుని కాదు, పరుగున వచ్చి పక్కన నిలబడ్డ ఏసోబుని చూశారు.

"ఏమయ్యా ఏసోబూ, దీనికి ఏమన్నా మార్చారా?"

"చెప్పు ఏసోబూ, ఒక్క నట్టన్నా మార్చామా?" అన్నాడు ధనుంజయరావు, ఒక్కొక్క అక్షరం నొక్కుతూ.

ఏసోబు కిటికీలోంచి నావైపు చూశాడు. ఒక్క 'లేదు' అంటే అతని ఉద్యోగం ఉంటుంది. శరభయ్య గారి వైపు తిరిగాడు.

"అయ్యా, నాకు లైసెన్సు ఇచ్చిన రోజున ఈ బండి మీదే మీరు ఎనిమిది వేయించారు. దిగేటప్పటికి నా చొక్కా పిండితే నీళ్ళొచ్చినయ్యి. మీరొకసారి ఎక్కి తిప్పండి. చెమట పడితే పాతదే."

శరభయ్య గారు ఎక్కారు. బండి నిలబడే ఉంది. చూపుడు వేలు నా మీద పెట్టి ఎడమకి తోశారు. తిరిగాను. కుడికి తోశారు. తిరిగాను. వేలు ఎత్తి చూసుకున్నారు, పొడిగా ఉంది. తర్వాత ధనుంజయరావు నుదుటి వైపు వంగి ముక్కు ఎగబీల్చారు.

"మరి ఈ చెమటేందయ్యా, గులాబీ వాసనేస్తంది?"

మైదానమంతా నవ్వింది. కప్పు ఎవరో వేరేవాళ్ళకి వెళ్ళింది. ఏసోబుకి మాత్రం వెంటనే తీర్పు వచ్చింది: "రేపట్నించి రావాకు."

నాకూ వచ్చింది. "తప్పంతా ఆ దిక్కుమాలిన చక్రానిది" అని ధనుంజయరావు తేల్చేశాడు. అందరూ నమ్మారు. బండి మొత్తంలో మారనిది నేనొక్కదాన్నే గనక, మార్చాల్సింది నన్నే అయింది. సైదా మేస్త్రి నన్ను ఊడదీసి, చిన్న తోలు చక్రం బిగించాడు. తన జీతం లెక్క తేల్చుకోవడానికి షెడ్డుకొచ్చిన ఏసోబు నన్ను ఇనప ముక్కల కుప్పలోంచి తీశాడు.

"దీన్ని నేను పట్టుకుపోతా సార్."

"పట్టుకుపో. జోడీ కుదిరింది" అన్నాడు ధనుంజయరావు, ఫోనులోంచి తలెత్తకుండా.

మూడోరోజు శరభయ్య గారు ఏసోబుని పిలిపించారు. ఆయన తమ్ముడి కూతురు తెనాలిలో ఆడవాళ్ళకి డ్రైవింగు స్కూలు నడుపుతోంది. "అబద్ధం ఆడితే బతికిపోయేవాడే, అయినా ఆడలేదు. నేర్పడానికి అట్టాటోడే కావాల" అని ఆమెతో చెప్పి చేర్పించారు. ఏసోబు నన్ను ఒక చెక్కకి తిరిగేలా బిగించి, ఎత్తైన స్టూలు మీద నిలబెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు కారెక్కే ముందు నా దగ్గర కూర్చుని చేతులు ఆడించడం నేర్చుకుంటారు.

ఇప్పుడు నా కింద మోటారు లేదు, టైర్లూ లేవు, గాలి తప్ప ఏమీ లేదు. ఎంత తిప్పినా ఏదీ తిరగదు. కానీ తిప్పుతున్నానని ఎవరికీ చెప్పుకోను గనక, ధనుంజయరావు కారులో ఉన్ననాటి కంటే ఇదే నాకు గౌరవంగా ఉంది.

ఇవాళ పొద్దున కుట్టుమిషను పెట్టుకుని బతికే మంగతాయారు గారు మొదటి పాఠానికి వచ్చారు. నా ముందు కూర్చుని బిక్కమొహం వేశారు.

"ఇదెంత తిప్పినా ఏమీ కదలదు గదా బాబాయ్, దీని మీద ఏం నేర్చుకుంటాం?"

"అందుకేనమ్మా దీని మీద నేర్చుకునేది. ఇక్కడ తప్పు చేస్తే ఎవరికీ దెబ్బ తగలదు" అన్నాడు ఏసోబు. "చేతులు పది దగ్గరొకటి, రెండు దగ్గరొకటి పెట్టు. గట్టిగా పిసక్కు. పట్టుకో, అంతే."

ఆమె చేతులు సరిగ్గా ఆ అరిగిన చోట్ల పడ్డాయి. అరచేతులు భయంతో తడిసి ఉన్నాయి. ముప్పై రెండేళ్ళ అలవాటు కొద్దీ నేను మెల్లగా వాసన చూశాను. గులాబీ కాదు. అసలు చెమటే.