వజ్రమ్మ పక్క మంచం

అమీర్‌పేటలో పొద్దున్నే ఏ లేడీస్ హాస్టల్ చూసినా ఒకటే గోల. బాత్రూమ్ ముందు బకెట్ల వరస, గీజర్ ఎవరు ఆపేశారని తిట్లు, క్లాసుకి టైమైపోతోందని పరుగులు. నాగేశ్వరి గారి హాస్టల్లో వీటన్నిటికీ తోడు వజ్రమ్మ ఉంది. అందరికంటే ముందే బల్ల దగ్గర కూర్చుని, "ఇడ్లీ ఇంక కాలేదానే?" అని వంటింటి మీదికి అరుస్తుంది.

వజ్రమ్మకి చావు లేదు. గోల్కొండలో నవాబులున్న కాలం నుంచీ ఉంది. అక్కడెవరూ దీన్ని పెద్ద వింతగా చెప్పుకోరు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, వజ్రమ్మ చావదు, అంతే. ఆ ఇల్లు ఆవిడదే. భీమవరం నుంచి వచ్చిన నాగేశ్వరి గారు దాన్ని అద్దెకు తీసుకుని హాస్టల్ పెట్టారు. వజ్రమ్మ పెట్టిన షరతు ఒక్కటే, తను ఒంటరిగా పడుకోదు.

కాబట్టి మేడ మీద గదిలో కిటికీ పక్కన వజ్రమ్మ మంచం, దాన్ని ఆనుకుని హైందవి మంచం, తలుపు దగ్గర దివ్యశ్రీ మంచం. హైందవి కంటే ముందు ఆ నడిమి మంచంలో రవళి అనే పిల్ల ఉండేది, జ్వరమొచ్చి పోయింది పాపం. అద్దె తక్కువ, గాలి బాగా వస్తుంది. తణుకు నుంచి వచ్చిన పిల్లకి ఇంకేం కావాలి?

హైందవి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే కోర్సు చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు గానీ, పంజాగుట్టలో ఫోన్లో కథలు వినిపించే కంపెనీలో కథల్లో తప్పులు పట్టే పని దొరికింది. అదీ పర్మనెంట్ కాలేదు. చావులేని రాజు వీరసేనుడి సీరియల్ ఒకటి నడుస్తోంది. అన్నీ బొక్కలే! వినేవాళ్ళు కామెంట్లలో దుమ్మెత్తి పోస్తున్నారు.

"మెడ నరికినా చావనోడికి జలుబెట్ల వస్తదని అడుగుతున్నరు," అన్నాడు పై అధికారి కేదార్. "ఇన్ని వందల ఏండ్లు బతికినోడు కోటీశ్వరుడెందుకు కాలేదంట. ఈ బొక్కలు పూడిస్తే నువ్వు పర్మనెంట్. లేకుంటే తణుకు బస్సెక్కు, ఫికర్ ఉండదు."

ఇంట్లో అసలు మనిషినే పెట్టుకుని ఇంకొకరిని అడగడం దేనికి? ఆ సాయంత్రం హైందవి మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని వజ్రమ్మ పక్కన చేరింది.

"జలుబేమన్న చావానే?" అంది వజ్రమ్మ దగ్గుతూనే. నాలుగు రోజుల నుంచి ఒకటే దగ్గు. "అన్ని రోగాలు వస్తయి. పానమే పోదు."

"మరి కోటీశ్వరురాలివి ఎందుకు కాలేదు?"

"మస్తుసార్లు అయిన. మస్తుసార్లు మునిగిన. గింత బతుకు బతికితే రెండూ అయితయి."

"కథల్లో చావు లేనివాళ్ళంతా చావు రావట్లేదని ఏడుస్తుంటారు. నీకు విసుగు పుట్టలేదా?"

వజ్రమ్మ పడీ పడీ నవ్వింది. "గవన్నీ చచ్చేటోళ్ళు రాసుకున్నయి బిడ్డా, మనసు నిమ్మలం కోసం. నాకేం విసుగు? రేపు పొద్దుగాల ఇడ్లీ ఉన్నది కదా."

హైందవికి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం ఇంక చేతికందినట్టే. ఇంకొక్క బొక్క మిగిలింది. "కత్తి దిగింది. చావు వచ్చింది. రాజుని తీసుకుపోలేదు. మరి వచ్చిన చావు ఎటు పోయింది?"

వజ్రమ్మ ఇంకో బజ్జీకి చెయ్యి చాచింది. హైందవి పొట్లం వెనక్కి లాక్కుంది.

"పక్కనోళ్ళకు పోయింది," అంది వజ్రమ్మ బజ్జీల వైపే చూస్తూ. "వచ్చింది ఉత్తగ పోతదా? నా పక్కన ఎవరు పండుకుంటే వాళ్ళను తీస్కపోతది. నేను బాత్రూముల జారి తల పగిలిన దినమే రవళి పోయింది. మంచి పిల్ల. గా బజ్జీ ఇటియ్యి."

హైందవి పొట్లం అక్కడే పడేసింది. గబగబా మెట్లు దిగి నాగేశ్వరి గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వెల్లుల్లి వలుచుకుంటున్నారు.

"మీకు తెలుసా ఆంటీ?"

"తెలియందెవరికమ్మా?"

"మరి నాకెందుకు చెప్పలేదండీ!"

"చెబితే పడుకుంటావా? ఆ మంచం ఖాళీగా ఉంటే దాని తర్వాతి మంచానికి వస్తుంది చావు. దివ్యశ్రీ ఏం పాపం చేసింది?"

"నేనేం చేశాను?"

"నువ్వు తర్వాత వచ్చావు," అన్నారు నాగేశ్వరి గారు, తలెత్తకుండా.

ఇంకో హాస్టల్‌కి పోదామంటే అడ్వాన్సు కట్టాలి, ఉద్యోగం ఖాయమైతే గానీ ఆ డబ్బు పుట్టదు. వేరే గదులన్నీ నిండిపోయాయి. పక్క మంచం దగ్గుతుంటే హైందవి దుప్పటి కప్పుకుని బిక్కుబిక్కుమంటూ పడుకునేది. ఏ దేవుడు కరుణించాడో, దివ్యశ్రీకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ హైందవిని కావలించుకుని "జాగ్రత్తే" అంది, మొహం చూడకుండా. ఆ పిల్ల ఆటో ఎక్కిందో లేదో, హైందవి పరుపు తలుపు దగ్గరి మంచం మీద ఉంది. నడిమి మంచం నిండేదాకా మాత్రం వంతు ఇంకా తనదే.

విన్నది విన్నట్టు కథలో పెట్టింది. కేదార్ ఫోన్ చేశాడు. "అన్నీ బాగున్నయి. ఒక్కటి కుదర్లే. పక్కనోళ్ళు పోతరని కోటల అందరికి తెలుసన్నవు. తెలిసినోళ్ళు కొత్తగ వచ్చినోళ్ళకు చెప్పరా? గంత పాపిష్టోళ్ళు ఎక్కడన్న ఉంటరా? జనం నమ్మరు. సోమవారం పొద్దుగాలకు మార్చు, లేకుంటే నీ పర్మనెంట్ మరిచిపో."

అదీ నిజమే అనిపించింది హైందవికి. మనుషులన్నాక చెబుతారు.

ఆదివారం ఏలూరు నుంచి కొత్త పిల్ల దిగింది, ఫెయిత్. దించడానికి వాళ్ళమ్మ మగ్దలీనమ్మ కూడా వచ్చింది. నాగేశ్వరి గారు మేడ మీదికి తీసుకొచ్చి నడిమి మంచం చూపించి, హైందవి వైపు ఒక్క చూపు చూసి కిందికి వెళ్ళిపోయారు.

"ఈ మంచం బాగుంటుందా అక్కా?" అంది ఫెయిత్.

చెప్పాలనే హైందవి నోరు తెరిచింది. ఒట్టు, చెప్పాలనే! అప్పుడే వజ్రమ్మకి దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు తీసేసరికి దాని మీద రక్తం.

"గాలి బాగా వస్తుంది," అంది హైందవి. "అద్దె కూడా తక్కువ."

మగ్దలీనమ్మ హైందవి చేతులు రెండూ పట్టుకుంది. "మా అమ్మాయిని నీ చెల్లెలనుకోమ్మా. ప్రభువు నిన్ను చల్లగా చూస్తాడు."

సోమవారం పొద్దున బల్ల దగ్గర వజ్రమ్మ నున్నగా దువ్వుకుని కూర్చుంది. దగ్గు లేదు. మేడ మీద ఇంకా ఎవరో "ఫెయిత్! ఫెయిత్!" అని పిలుస్తున్నారు. పిలుపు కాస్తా కేకయింది. హైందవి ఫోన్ మోగింది.

"మార్చినవా?" అన్నాడు కేదార్.

"మార్చక్కర్లేదు సార్. ఎవరూ చెప్పరు. అలాగే ఉంచండి."

"గంత గట్టిగ ఎట్ల చెప్తున్నవ్?"

హైందవి ఫోన్ పెట్టేసింది. కొత్త పిల్ల కోసం వడ్డించిన ఇడ్లీల ప్లేటు బల్ల మీద అలాగే ఉంది.

"గా పిల్ల ఇంక తినదు," అంది వజ్రమ్మ. "గవి ఇటియ్యి బిడ్డా."

హైందవి ప్లేటు జరిపింది. చట్నీ కూడా వేసింది.