లండన్ నుంచి తిరుగుదారి

తైసీయా మర్కోవ్నా పరీక్ష అంటే రష్యాలో కామా నది ఒడ్డున ఉన్న ఆ టీచర్ల కాలేజీలో అందరికీ హడలే. ముందురోజు నుంచీ ఆడపిల్లలకి గొంతులోకి టీ కూడా దిగదు. పొద్దున్నే ఎడమ కాలి మడమ కింద, జోడులో, అయిదు కోపెక్కుల నాణెం పెట్టుకుని కుంటుకుంటూ వస్తారు. ఆ నాణెం ఇంతవరకూ ఎవరినైనా గట్టెక్కించిన దాఖలా లేదు. అయినా పెట్టుకుంటారు, ఏం చేస్తాం!

ఆవిడ చెప్పే పాఠం ఇంగ్లీషు మాట్లాడే దేశాల గురించి. కెనడా గోధుమలు, ఆస్ట్రేలియా గొర్రెలు, న్యూజీలాండ్ వానలు, ఇవన్నీ బట్టీపట్టి అప్పజెప్పెయ్యొచ్చు. అసలు కథంతా మూడో ప్రశ్నలోనే ఉంది. గోడకి మైనపు గుడ్డ మీద గీసిన లండన్ పటం వేలాడుతూ ఉంటుంది. పిల్ల దాన్ని ఒక్కసారి చూసి, వీపు తిప్పి నిలబడి, కళ్ళు మూసుకుని నోటితో నడవాలి. ట్రఫాల్గర్ చౌకులో బయల్దేరి టవర్ కోట దాకా, అంతా ఇంగ్లీషులో. ఏ పక్క పేవ్‌మెంటు, ఏ మూల మలుపు, ఎదురుగా ఏం కనిపిస్తుంది, అన్నీ చెప్పాలి. ఒక్క మలుపు తప్పితే అయిదు మార్కులకి నాలుగే. ఇంతా చేసి ఆ ఊళ్ళో లండన్ చూసినవాడు ఒక్కడూ లేడు. లండన్ దాకా ఎందుకు, సగంమంది మాస్కో మొహమే ఎరగరు. తైసీయా మర్కోవ్నా కూడా చూడలేదు. ఇరవై అయిదేళ్ళుగా చెబుతోంది, చూడలేదు.

డెబ్భై నాలుగు జూన్. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చెట్ల దూది గదిలోకి ఎగిరొచ్చి పిల్లలు తీసే ప్రశ్నల చీటీల మీద వాలుతుంటే ఆవిడ విసుక్కుంటూ ఊదేస్తోంది. అయిదుగురు పిల్లలు లోపల ఉన్నారు. అందరివీ అయ్యేదాకా ఎవరూ బయటికి పోకూడదని ఆవిడ పెట్టిన రూలు.

మొదట రిమ్మా లేచింది. ఎవరికీ జంకని పిల్ల. కళ్ళు మూసుకుని గడగడా మొదలెట్టింది. "స్ట్రాండ్ వీధి కుడి పేవ్‌మెంటు మీద నడుస్తున్నాను. వాన మొదలైంది. ఫ్లీట్ వీధి మొదట్లో గోధుమరంగు కోటు వేసుకున్న పెద్దావిడ నిలబడి ఉంది. ఇంటికేనా, నన్ను కూడా తీసుకెళ్తావా అని అడుగుతోంది. కాదండీ, నాది టవర్ దాకానే అన్నాను. ముందుకి వెళ్తే సెయింట్ పాల్ చర్చి గోపురం..."

"ఆగాగు. ఏ పెద్దావిడే?"

రిమ్మా కళ్ళు తెరిచింది. "పెద్దావిడేంటి, తైసీయా మర్కోవ్నా?"

"ఇప్పుడు నువ్వే అన్నావుగా!"

"నేనా? నేను గోపురం గురించి చెబుతున్నానండీ." ఆ పిల్ల మొహంలో వేళాకోళం ఏ మూలా లేదు. తైసీయా మర్కోవ్నా కళ్ళజోడు సర్దుకుని, సరే పొమ్మని వెనక బెంచీ చూపించింది. వేషాలు, ముందే కూడబలుక్కుని వచ్చారు, అని మనసులో తిట్టుకుంది.

తర్వాత క్లావ్దియా. పాపం, నిజం చెప్పడానికే నోరు రాని పిల్ల, కల్పించి చెప్పడం దాని వల్ల అవుతుందా? అది చర్చి మెట్ల దాకా వచ్చి అంది: "మెట్ల మీద ఒకావిడ తడుస్తూ కూర్చుంది. గోధుమరంగు కోటు. ఎడమ మోచేతి దగ్గర మాసిక, పచ్చ దారంతో..."

తైసీయా మర్కోవ్నా చేతిలో పెన్ను జారి కింద పడింది.

ఆ మాసిక వేసింది తనే. నలభై ఎనిమిది చలికాలంలో ఊరంతా గాలించినా గోధుమరంగు దారం దొరకలేదు. పచ్చ దారంతోనే కుట్టి, సిగ్గుపడుతూ ఇస్తే అగ్నెస్సా కార్లోవ్నా పకపకా నవ్వి, "బాగుందే తాస్యా, నన్ను ఎక్కడైనా ఇట్టే గుర్తుపట్టొచ్చు" అంది.

అగ్నెస్సా కార్లోవ్నా తైసీయాకి గురువు. ఈ పటం గీసింది ఆవిడే, ఈ నడక నేర్పింది ఆవిడే. ఆవిడా లండన్ చూడలేదు, పాత పుస్తకాలు తిరగేసి తిరగేసి వీధి తర్వాత వీధి మనసులో కట్టుకుంది. కాకపోతే ఆవిడ నడక టవర్ దగ్గర ఆగేది కాదు. "తీసుకెళ్ళినవాళ్ళే తీసుకురావాలి, మధ్యలో వదిలేస్తే ఎలా?" అనేది. టవర్ నుంచి రేవుకి, రేవులో ఓడెక్కి లెనిన్‌గ్రాద్‌కి, అక్కణ్ణించి రైలు, ఆ తర్వాత కామా మీద స్టీమరు, రేవు మెట్లు, ఈ కాలేజీ, రెండో అంతస్తు, ఇత్తడి పిడి ఉన్న ఈ తలుపు. తలుపు తోసుకుని లోపలికి వచ్చామని చెప్పాకే కళ్ళు తెరవాలి.

నలభై తొమ్మిది వసంతంలో పైన ప్రభుత్వంలో గాలి మారింది. పరాయి దేశాల్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళ పేర్లు ప్రతి కాలేజీ నుంచీ కావాల్సొచ్చాయి. ఈ గదిలోనే అగ్నెస్సా కార్లోవ్నా మీద సభ పెట్టారు. ఇరవై నాలుగేళ్ళ తైసీయా లేచి, "ఈవిడ పిల్లల్ని కళ్ళు మూసుకోమంటుంది. ఆ ఊరి గురించి ఒక్క చెడ్డ మాట చెప్పదు" అంది. ఉద్యోగంలోంచి తీసెయ్యాలన్నవాళ్ళు చెయ్యెత్తండి అంటే మొదట లేచిన చెయ్యి కూడా తనదే. భయం. ఇంకేముంది, భయమే. తీసేశాక అగ్నెస్సా కార్లోవ్నా మందుల షాపులో సీసాలు కడిగి రెండు చలికాలాలే బతికింది. చివరి రోజుల్లో కళ్ళు మూసుకుని నడుస్తూనే ఉండేదనీ, టవర్ దాకా వచ్చి ఆగిపోయేదనీ, గది అద్దెకిచ్చిన ముసలమ్మ చెప్పింది.

ఉద్యోగం తైసీయాకి వచ్చింది. నడక ఉంచింది, తిరుగుదారి తీసేసింది. ప్రభుత్వ పాఠంలో లేదని అందరికీ చెప్పింది. అసలు సంగతేమిటంటే, ఆ భాగం చెబుతుంటే తన నోట్లోంచి అగ్నెస్సా కార్లోవ్నా గొంతు వినిపించేది. అది భరించలేకపోయింది.

"తర్వాత నేనేనాండీ?" అంటూ గ్లాషా లేచి నిలబడింది.

గ్లాషా అంటే తైసీయా మర్కోవ్నాకి ప్రాణం. పిల్లా జెల్లా లేని ఆవిడకి ఈ పల్లెటూరి పిల్ల ఎక్కడిది ఎక్కడ తగులుకుందో గానీ, మూడేళ్ళుగా ఆదివారాలు ఆవిడింట్లోనే కూర నింపి కాల్చిన రొట్టె తింటుంది, ఆవిడ పుస్తకాలే చదువుతుంది. ట్రాము ఎలా ఉంటుందో చూడని పిల్ల లండన్లో నడిచిందంటే పక్కనున్నవాళ్ళకి కాళ్ళు నొప్పెట్టేవి.

"నువ్వు నడవక్కర్లేదు. నీకు అయిదు వేసేశాను, వెళ్ళి కూర్చో" అంది తైసీయా మర్కోవ్నా.

"అదేంటండీ! పుణ్యానికి వచ్చిన అయిదు నాకెందుకు? నేను నడుస్తాను." అని వీపు తిప్పి కళ్ళు మూసేసుకుంది.

చక్కగా నడిచింది. స్ట్రాండ్, ఫ్లీట్ వీధి, చర్చి. ఎక్కడా ఎవరూ కనిపించలేదు. తైసీయా మర్కోవ్నా ఊపిరి పీల్చుకోబోతుండగా, టవర్ గోడ దగ్గర గ్లాషా గొంతు మెత్తబడింది. "అయ్యో, ఇక్కడ కూర్చున్నారేంటండీ, ఇంత వానలో? ఇంటికా? ఆ, నేనూ ఇంటికే. లేవండి, చెయ్యి పట్టుకోండి. నేను తీసుకెళ్తాను కదా."

తైసీయా మర్కోవ్నా గబగబా లేచి పిల్ల దగ్గరికి వెళ్ళింది.

"గ్లాషా, చాలమ్మా. కళ్ళు తెరువు."

తెరవలేదు. భుజం పట్టుకుని కుదిపింది. బయట జూన్ ఎండ మండుతుంటే ఆ పిల్ల భుజం మంచుముక్కలా ఉంది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. జోళ్ళ చుట్టూ నేల మీద చిన్న మడుగు కట్టింది. వెనక బెంచీలో క్లావ్దియా కెవ్వుమంది. తైసీయా మర్కోవ్నాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"డాక్టర్ని పిలవనా?" అని రిమ్మా తలుపు వైపు పరిగెత్తి పిడి తిప్పింది. కదల్లేదు. రెండు చేతులా లాగింది. "తలుపు రావట్లేదండీ!"

"దారేదీ?" అంది గ్లాషా కళ్ళు మూసుకునే. పెదాలు నీలంగా ఉన్నాయి. "పటంలో ఇక్కడితో అయిపోయింది. తైసీయా మర్కోవ్నా, చలేస్తోందండీ. తీసుకెళ్తానని మాటిచ్చేశాను. దారి చెప్పండి."

ఇచ్చిన మాట వదిలేసే పిల్ల కాదది. ఆ సంగతి తైసీయా మర్కోవ్నాకి తెలిసినంత ఎవరికీ తెలీదు. పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని మొదలుపెట్టింది. "గోడ వెంబడే నదికి దిగు. మెట్లుంటాయి, నాచుపట్టి ఉంటాయి, జాగ్రత్త. నది కుడి పక్కన ఉంచుకుని నడు. నాలుగో గిడ్డంగి దగ్గర..." అక్కడ ఆగిపోయింది. నాలుగో గిడ్డంగి దగ్గర ఏమిటి? ఇరవై అయిదేళ్ళు నోరు మూసుకున్న దారి, ఎక్కడ గుర్తుంటుంది! ఎంత తన్నుకున్నా రాలేదు.

"ఎడమకి తిరగాలే తాస్యా" అంది గ్లాషా.

గొంతు గ్లాషాదే. పిలుపు గ్లాషాది కాదు. బతికున్నవాళ్ళెవరూ ఆవిడని అలా పిలవరు.

"ఎడమకి, అగ్నెస్సా కార్లోవ్నా" అంది తైసీయా మర్కోవ్నా. కళ్ళ నీళ్ళు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. "ఎడమకి తిరిగితే లోపలి రేవు, అందులో ఓడ." ఆ తర్వాత ఒకళ్ళు మరిచినచోట ఒకళ్ళు అందుకుంటూ వచ్చారు. ఓడ దిగారు, రైలెక్కారు, బిర్చ్ అడవులన్నీ దాటారు, కామా మీద స్టీమరు కూత వేసింది. రేవు మెట్లు ఎనభై రెండు. కాలేజీ. మొదటి అంతస్తు. రెండో అంతస్తు.

వరండాలో అడుగుల చప్పుడు పిల్లలందరూ విన్నారు. ఒకటి కాదు, రెండు జతల తడి జోళ్ళు. తలుపు అవతలకి వచ్చి ఆగాయి.

"తోసుకుని లోపలికి రా అమ్మా. అయిపోయింది, వచ్చేశావు" అంది తైసీయా మర్కోవ్నా.

"ఆవిడ రానంటున్నారు." గ్లాషా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఈ గదిలోంచి చేతులెత్తి పంపించారట. మళ్ళీ చేతులెత్తి పిలిస్తే తప్ప గుమ్మం దాటరట. మొదటి చెయ్యి ఎవరిదో నాకు చెప్పనన్నారు. మీకు తెలుసట."

పిల్లలు నలుగురూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఇరవై అయిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరి దగ్గరా విప్పని నోరు, ఇప్పుడు వీళ్ళ ముందా? తలెత్తుకుని మళ్ళీ పాఠం చెప్పగలదా? గ్లాషా పెదాలు చూసింది. తలా వద్దు, పాఠమూ వద్దు అనుకుంది.

"నాది" అంది. "మొదటి చెయ్యి నాది. మీరేం తప్పూ చెయ్యలేదు, నాకు తెలుసు, తెలిసే ఎత్తాను. నా ప్రాణం కోసం మిమ్మల్ని చంపుకున్నాను." పిల్ల చెయ్యి ఒకటి వదిలి, బడిపిల్లలా తన కుడిచెయ్యి పైకెత్తింది. "లోపలికి రండి, అగ్నెస్సా కార్లోవ్నా."

తలుపు కదల్లేదు. అప్పుడు వెనకాల రిమ్మా చెయ్యెత్తింది. ఎందుకో ఏమిటో తెలీకుండానే క్లావ్దియా ఎత్తింది. మిగతా ఇద్దరూ ఎత్తారు.

ఇత్తడి పిడి మెల్లిగా తిరిగింది. తలుపు తెరుచుకుంది. వరండాలో ఎవరూ లేరు. తడిసిన ఉన్ని వాసన, నాచు వాసన గదిలోకి వచ్చాయి.

గ్లాషా కళ్ళు తెరిచింది. అయోమయంగా చుట్టూ చూసి, తడిసిన తన జోళ్ళు చూసుకుంది. "ఏమైందండీ? మలుపేమైనా తప్పానా? నాకెంత వచ్చింది?"

తైసీయా మర్కోవ్నా ఆ పిల్లని గుండెలకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత మొహం తుడుచుకుని తన కుర్చీ వైపు చూసింది. పరీక్ష పెట్టేవాళ్ళు కూర్చునే కుర్చీ. కుర్చీ కింద నేల మీద తడి మచ్చ మెల్లిగా పెద్దదవుతోంది.

ఆవిడ ఆ కుర్చీలో కూర్చోలేదు. బల్ల ఇవతలే నిలబడి, పిల్లల్లాగే ఒక చీటీ తీసింది. చదవకుండానే బల్ల మీద పెట్టి, పటానికి వీపు తిప్పి నిలబడింది.

"మీరంతా ఇందాక తిరుగుదారి విన్నారుగా" అంది పిల్లలతో, కళ్ళు మూసుకునే ముందు. "నేను మధ్యలో ఆగిపోతే, చెప్పండి."