గీకి రాసిన జాతి

"ఈ నలభై మూడు కాగితాల మీదా జాతి గీకేసి ఉంది. ఎవరు గీకారు?"

తనిఖీ అధికారి గరీఫుల్లిన్ అడగడం ఇది రెండోసారి. తప్పుడు లెక్కకి జైలు. సంతకాలన్నీ హోసియత్‌వే.

సమర్కందులో పరాయి మగవాడు ఆడవాళ్ల లోగిలి తొక్కడు. అందుకే సోవియట్ జనాభా లెక్కలకి ఆమెను పెట్టుకున్నారు. డిసెంబరు బురదలో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరేమని చెప్పుకుంటే అదే రాయమన్నారు. తాజిక్ అన్నవాళ్లని తాజిక్ అనే రాసింది. ఇప్పుడు అందరూ ఉజ్బెక్‌లే.

ఆడది ఒంటరిగా కార్యాలయానికి వెళ్లకూడదని తోడొచ్చిన భర్త తలుపు దగ్గర గొంతు సవరించుకున్నాడు. పేట సంఘంలో గుమస్తా అతను.

"నాలుగు నెలల చదువు కామ్రేడ్ దీనిది. తప్పు రాసి దిద్దుకుని ఉంటుంది. వదిలెయ్యండి."

హోసియత్ తలెత్తలేదు. కాగితాలు ఇంట్లో ఉన్నది ఒక్క శుక్రవారమే. ఆ రోజు అత్త మూటెడు బట్టలిచ్చి కాలువకు తోలింది. తిరిగొచ్చేసరికి ఆయన వేళ్లకి సిరా. సమర్కందు ఇప్పుడు ఉజ్బెక్‌ల రాష్ట్రంలో ఉంది కాబట్టి తాజిక్‌లమంటే పేట మొత్తాన్ని తాజిక్‌ల కొండల్లోకి తోలేస్తారని, ఉజ్బెక్‌లని చూపిస్తే తనకి సంఘంలో పెద్ద కుర్చీ దొరుకుతుందని నెలగా అంటూనే ఉన్నాడు. 'నువ్వు ఊరి ఆడాళ్లని లెక్కపెడుతుంటే మా పలావులోకి క్యారెట్లు ఎవరు తరుగుతారే' అన్నదీ ఆయనే. రోజూ తెల్లవారక ముందే తరిగిపెట్టి వెళ్లేది. ఇప్పుడు నోరు మూసుకుంటే తను జైలుకి. విప్పితే మొగుణ్ణి జైలుకి పంపినదాన్ని ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. ఇద్దరు కూతుళ్లు.

అధికారి ఇంకో కాగితం ముందుకు జరిపాడు. అది ఆమెదే. జాతి గీకేసి ఉంది. దాని కింద, వృత్తి గడిలో, ముచ్చటపడి రాసుకున్న 'జనాభా లెక్కల ఉద్యోగి' కూడా లేదు. 'భర్త మీద ఆధారపడినది' అని ఉంది.

జాతి మార్చడానికి కొండల భయం ఉందనుకుందాం. ఇది మార్చడానికి ఏం భయం?

"మూడోసారి అడగను," అన్నాడు అధికారి.

మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు. లెక్కకి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు భర్త పేరు గడి దగ్గర ఆగిపోయి, పక్కింటామె చేత చెప్పించేవారు. తనూ పదకొండేళ్లుగా పెద్దకూతురి పేరుతో 'నిగోరా నాన్న' అనే పిలిచింది.

"గీకినవాడి పేరు సాదుల్లో," అంది. మళ్లీ, తలుపు వైపు తిరిగి అంది.

"రజబ్ కొడుకు సాదుల్లో. నా మొగుడు."